పిల్లల నిద్ర పరీక్ష నివేదికను చదవడం ఎలా: శ్వాసకు, ఆక్సిజన్‌కు పిల్లల కొలతలు

కరోనా రెండో విడత విరుచుకుపడిన 2021 వేసవిలో, అమలాపురం మొదలుకొని నరసాపురం, భీమవరం వరకు గోదావరి డెల్టాలోని చాలా ఇళ్లలోకి పల్స్ ఆక్సీమీటర్ వచ్చి చేరింది. దానితోపాటే, రక్తంలో ఆక్సిజన్ శాతం అంతకు తగ్గకూడదన్న 94 అనే అంకె కూడా జనం మనసుల్లో స్థిరపడిపోయింది. ఆ హద్దు ఒక ప్రత్యేకమైన జబ్బు సందర్భంలో, మెలకువగా ఉన్న మనిషి కోసం పెట్టినది. ఇప్పుడు దానినే నిద్రపోతున్న పిల్లలకు వర్తింపజేయడం వల్ల రెండు వైపులా పొరపాటు జరుగుతున్నది. నిద్రలో ఒక్క క్షణం 93 కనిపించగానే కంగారుపడి బిడ్డను ఆసుపత్రికి ఎత్తుకుపోయేవారు కొందరైతే, పగటిపూట 98 చూపిస్తున్నది కాబట్టి రాత్రంతా పెట్టే గుర్రు గురించి ఆలోచించనక్కరలేదని ఊరుకునేవారు మరికొందరు. ఈ రెండింటిలో రెండవదే ఎక్కువ హాని చేస్తుంది. మెలకువలో గొంతు కండరాలు బిగువుగా ఉండి దారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలినప్పుడు మాత్రమే బయటపడే ఇబ్బందిని పగటి అంకె చూపించలేదు.

రెండు నుంచి ఎనిమిది సంవత్సరాల మధ్య వయసులో టాన్సిల్స్, ముక్కు వెనుక ఉండే అడినాయిడ్లు చుట్టూ ఉన్న దారితో పోలిస్తే పెద్దవిగా ఉంటాయి. అందుచేత నిద్రలో ఊపిరి అడ్డుపడే సమస్య ఈ వయసు పిల్లలలో ఎక్కువగా కనిపిస్తుంది. వారంలో మూడు రాత్రులకు మించి గుర్రు పెట్టడం, నోరు తెరిచి నిద్రపోవడం, మెడను వెనక్కి విరిచి పడుకోవడం, గుర్రు మధ్యలో నిశ్శబ్దమై ఆ వెంటనే ఉలిక్కిపడినట్లు గాలి పీల్చుకోవడం, తలగడ తడిసేంత చెమట పట్టడం, పక్క తడపడం మానేసిన బిడ్డ మళ్లీ తడపడం, పగటిపూట చిరాకు, బడిలో ఏకాగ్రత లేకపోవడం వంటివి ఉన్నప్పుడు వైద్యులు నిద్ర పరీక్ష, అంటే స్లీప్ స్టడీ, రాస్తారు. పెద్దవారిలాగా పిల్లలు పగలు కునికిపాట్లు పడరని, అలసిన కొద్దీ అల్లరి పెంచుతారని కూడా గుర్తుంచుకోవాలి. గుర్రు పెట్టే పిల్లలందరికీ ఈ జబ్బు ఉండదు. అయితే ఎవరికి ఉందో, ఎవరికి లేదో గుర్రు శబ్దం విని చెప్పడం అనుభవజ్ఞులైన వైద్యులకు కూడా సాధ్యం కాదు. పరీక్ష అవసరం అక్కడే వస్తుంది.

పరీక్షకు వెళ్లే ముందు

రాత్రంతా ఉండి చేయించుకునే పూర్తి పరీక్షను పాలీసోమ్నోగ్రఫీ అంటారు. దీనికోసం డెల్టా గ్రామాల వారు సాధారణంగా విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాదు వంటి నగరాలకు ప్రయాణం చేయవలసి వస్తుంది. ముందుగా ఫోను చేసి, పిల్లలకు ఈ పరీక్ష చేసిన అనుభవం అక్కడి సిబ్బందికి ఉందా, పిల్లల నియమాల ప్రకారమే నివేదిక లెక్కిస్తారా, కార్బన్ డయాక్సైడ్ కూడా కొలుస్తారా అన్న మూడు ప్రశ్నలు అడగడం మంచిది. మూడింటికీ సరైన జవాబు రాని చోటికి ఖర్చు పెట్టుకుని వెళ్లడం కంటే మరొక చోటు వెదుక్కోవడం మేలు.

పరీక్ష రోజున తలకు కొబ్బరినూనె పెట్టకూడదు. మన ప్రాంతంలో ఇది చెప్పవలసిన మాటే, ఎందుకంటే నూనె ఉన్న తల మీద మెదడు తరంగాలను నమోదు చేసే తీగలు అతుక్కోవు. ముందు రోజే తలస్నానం చేయించి, నూనె లేకుండా ఉంచాలి. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న పిల్లల విషయంలో, ముఖ్యంగా నల్లగా పండే కోను మెహందీ వేలి కొసలకు ఉన్నప్పుడు, ఆ వేలిని వదిలి రంగు అంటని కాలి వేలికి ఆక్సిజన్ కొలిచే సెన్సర్ పెట్టమని అడగాలి. గోళ్ల రంగు ఉంటే తుడిచివేయాలి. ఆ రోజు మధ్యాహ్నం ఎప్పటికంటే ఎక్కువగా నిద్రపోనీయకూడదు, సాయంత్రం టీ, కూల్‌డ్రింకులు ఇవ్వకూడదు. వైద్యులు చెప్పకుండా మత్తు కలిగించే దగ్గు మందులు కూడా వేయకూడదు. బిడ్డకు జలుబు, జ్వరం ఉంటే తేదీ మార్చుకోవడమే సరైనది, లేకపోతే ఆ వారం జలుబుకే అంత ఖర్చు పెట్టి కొలత తీయించినట్లవుతుంది. ఏసీ గదిలో కాళ్లు చల్లబడితే రక్తప్రసరణ తగ్గి ఆక్సిజన్ సంకేతం బలహీనపడుతుంది కాబట్టి మేజోళ్లు వెంట తీసుకువెళ్లాలి. బిడ్డ అలవాటుపడిన దుప్పటి, తలగడ కూడా ఉండాలి.

నివేదికలో మొదట చూడవలసినవి

చాలామంది తల్లిదండ్రుల చూపు నేరుగా "అత్యల్ప ఆక్సిజన్" అన్న గడి మీద పడుతుంది. దానిని కాసేపు పక్కన పెట్టి, బిడ్డ ఎన్ని గంటలు నిద్రపోయింది, అందులో రెమ్ నిద్ర ఎంత ఉంది అన్నవి ముందు చూడాలి. కలలు వచ్చే ఈ రెమ్ దశలో కండరాలు బాగా సడలిపోతాయి. అందువల్ల పిల్లలలో ఊపిరి అడ్డుపడడం ప్రధానంగా ఈ దశలోనే కనిపిస్తుంది. రెమ్ దశ రాత్రి రెండవ సగంలో, తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది. బిడ్డ నాలుగు గంటలు మాత్రమే నిద్రపోయి, రెమ్ దాదాపు లేకుండానే పరీక్ష ముగిసిపోతే, ఆ నివేదికలో వచ్చిన మంచి అంకెల మీద పూర్తిగా ఆధారపడలేము.

తరువాత చూడవలసినది ఏహెచ్‌ఐ. నిద్రలో గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి పూర్తిగా ఆగింది, ఎన్నిసార్లు బాగా తగ్గింది అన్న రెండింటి మొత్తం ఇది. పెద్దవారిలో గంటకు 5 లోపు ఉంటే మామూలుగా భావిస్తారు. పిల్లలలో ఆ హద్దు 1. దారి అడ్డుపడి ఊపిరి ఇలా ఆగిన లేదా తగ్గిన సంఘటనలు గంటకు 1 నుంచి 5 లోపు ఉంటే స్వల్పమనీ, 5 నుంచి 10 లోపు ఉంటే మధ్యస్థమనీ, 10 లేదా అంతకు మించితే తీవ్రమనీ లెక్కిస్తారు. కాబట్టి ఐదేళ్ల బిడ్డ నివేదికలో 3.8 అని ఉండి, దాని పక్కనే "నార్మల్: 5 లోపు" అని అచ్చయి ఉంటే, ఆ యంత్రంలోని సాఫ్ట్‌వేర్ పెద్దవారి కొలతలతోనే పనిచేసిందని అర్థం. ఇది అరుదైన పొరపాటు కాదు. నివేదికలో అచ్చయిన "నార్మల్" అన్న మాటను నమ్మేముందు దాని పక్కన ఏ హద్దు రాసి ఉందో చూడాలి. పదమూడేళ్లు దాటిన వారికి మాత్రం పెద్దవారి నియమాలు వాడుకునే స్వేచ్ఛ నిద్ర వైద్యులకు ఉంది, అది ఏ పద్ధతో నివేదికలో రాయించుకోవాలి.

పిల్లలకు వేరే హద్దు ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. పెద్దవారిలో ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగితేనే దానిని లెక్కలోకి తీసుకుంటారు. పిల్లలు వేగంగా శ్వాసిస్తారు, వారి ఊపిరితిత్తులలో నిలవ ఉండే గాలి తక్కువ, శరీరం ఆక్సిజన్‌ను ఖర్చు చేసే వేగం ఎక్కువ. ఆ కారణంగా 10 సెకన్లకంటే తక్కువ కాలం ఊపిరి ఆగినా వారి రక్తంలో ఆక్సిజన్ పడిపోగలదు. అందుకే పిల్లలలో సెకన్లకు బదులు, రెండు శ్వాసలు తప్పిపోయేంత కాలం ఊపిరి ఆగితే దానిని సంఘటనగా లెక్కిస్తారు. 1992లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న 50 మంది పిల్లలను, కౌమారులను రాత్రంతా పరీక్షించి ప్రచురించిన అధ్యయనం ఈ కొలతలకు పునాది వేసింది. అడ్డుపడే రకం ఊపిరి ఆగడం ఆ పిల్లలలో కొద్దిమందిలోనే, అదీ అతి స్వల్పంగా కనిపించింది. అంటే ఆరోగ్యవంతమైన బిడ్డకు ఇది దాదాపు జరగని విషయం.

ఊపిరి ఆగడంలో రెండు రకాలున్నాయి. ఛాతీ, పొట్ట కష్టపడుతూనే ఉండి గాలి మాత్రం లోపలికి పోకపోతే అది అబ్‌స్ట్రక్టివ్ ఆప్నియా. అసలు శ్వాసించే ప్రయత్నమే క్షణకాలం నిలిచిపోతే అది సెంట్రల్ ఆప్నియా. ఈ రెండవది చూసి తల్లిదండ్రులు ఎక్కువ భయపడతారు కానీ, ఆరోగ్యవంతమైన పిల్లలలో కూడా పెద్ద నిట్టూర్పు విడిచిన తరువాతా, పక్కకు ఒత్తిగిలిన తరువాతా కొన్ని సెకన్లపాటు ఇది సహజంగానే వస్తుంది. 20 సెకన్లు దాటినప్పుడు, లేదా అంతకంటే తక్కువ కాలమే అయినా దానితో ఆక్సిజన్ 3 శాతం పడిపోయినప్పుడు గానీ, మెదడు ఉలిక్కిపడి మేలుకున్నప్పుడు గానీ మాత్రమే లెక్కిస్తారు. సెంట్రల్ సంఘటనలు గంటకు 5 దాటితే వైద్యులు కారణం వెదుకుతారు. నివేదికలో ఒకే ఏహెచ్‌ఐ ఇచ్చి ఈ రెండు రకాలను విడదీయకపోతే, విడదీసి ఇమ్మని అడగడం అవసరం. టాన్సిల్స్ తీయించాలా వద్దా అన్న నిర్ణయం మొదటి రకం మీద ఆధారపడి ఉంటుంది.

ఆక్సిజన్ గడులు

సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న డెల్టా వంటి చోట్ల, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు నిద్రలో సగటు ఆక్సిజన్ శాతం 97, 98 దగ్గర ఉంటుంది. అత్యల్పం చాలామందిలో 92కు తగ్గదు. 90 కింద గడిపిన సమయం సున్నా, లేదా సున్నాకు అతి దగ్గర. మెలకువలో ఉన్నదానికంటే నిద్రలో ఒకటి రెండు శాతం తక్కువగా ఉండడం కూడా మామూలే.

97 నుంచి 93కు దిగడానికీ, 91 నుంచి 87కు దిగడానికీ అంకెలలో తేడా నాలుగే అయినా, శరీరానికి అవి సమానం కావు. రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడికీ, ఆక్సీమీటర్ చూపే శాతానికీ ఉన్న సంబంధం మన కాలువ గట్టు లాంటిది: పైన నడిచినంతసేపు చదునుగానే ఉంటుంది, అంచు దాటగానే ఏటవాలు మొదలవుతుంది. ఆ అంచు 90 దగ్గర ఉంది. అక్కడి నుంచి ఒత్తిడి కాస్త తగ్గినా శాతం చాలా పడిపోతుంది. వైద్యులు 90 కింది అంకెలకు అంత విలువ ఇవ్వడం దీనివల్లనే.

ఇప్పుడు పక్కన పెట్టిన "అత్యల్ప ఆక్సిజన్" గడికి రావచ్చు. రాత్రంతా నమోదైన వేల అంకెలలో అన్నిటికంటే చిన్నదైన ఒక్క అంకె అది. బిడ్డ కాలు విదిలించినప్పుడు సెన్సర్ కదిలి, ఒక్క క్షణం 71 చూపించి ఉంటే, ఆ గడిలో 71 అనే అచ్చవుతుంది. సగటు 98, 90 కింద గడిపిన సమయం సున్నా, అత్యల్పం 71 అని ఉన్నప్పుడు, ఆ మూడూ ఒకదానితో ఒకటి పొసగడం లేదని గమనించాలి. అప్పుడు ఆ క్షణంలో నాడి అల సరిగా ఉందా, లేక చెదిరిపోయి ఉందా అని గీతను చూపించమని సాంకేతిక నిపుణుడిని అడగవచ్చు. నిజమైన తగ్గుదలకు ముందు శ్వాస గీతలో మార్పు ఉంటుంది, అది మెల్లగా దిగి, ఊపిరి మళ్లీ అందగానే పైకి లేస్తుంది. కదలిక వల్ల వచ్చినది నిటారుగా పడి, నిటారుగానే లేస్తుంది. దీనికి భిన్నంగా, అత్యల్పం 86 మాత్రమే అయినా, అటువంటి తగ్గుదలలు రంపపు పళ్లలాగా గుంపులు గుంపులుగా తెల్లవారుజామున పదేపదే వచ్చి ఉంటే, దానిని తేలికగా తీసుకోకూడదు. నా దృష్టిలో అత్యల్పం ఎంత అన్న ప్రశ్నకంటే, తగ్గుదలలు ఎలా వచ్చాయి, ఎన్నిసార్లు వచ్చాయి అన్నవే ఎక్కువ సంగతి చెబుతాయి.

డీశాచురేషన్ సూచిక, అంటే ఓడీఐ, ఇదే విషయాన్ని లెక్కగా చెబుతుంది. గంటకు ఎన్నిసార్లు ఆక్సిజన్ 3 శాతం, లేదా 4 శాతం పడిందో అందులో ఉంటుంది. రెండు వేర్వేరు చోట్ల చేయించిన నివేదికలను పోల్చేటప్పుడు రెండూ ఒకే శాతాన్ని వాడాయో లేదో చూడకపోతే పోలికకు అర్థం లేదు.

కార్బన్ డయాక్సైడ్ గడిని చాలామంది చూడకుండా దాటేస్తారు. కొందరు పిల్లలలో ఊపిరి పూర్తిగా ఆగదు, గంటల తరబడి సన్నని దారిలోంచి కష్టపడి పీలుస్తూనే ఉంటారు. అటువంటప్పుడు ఏహెచ్‌ఐ తక్కువగానే ఉండవచ్చు, ఆక్సిజన్ కూడా పెద్దగా పడకపోవచ్చు, కానీ బయటికి పోవలసిన కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. మొత్తం నిద్రలో నాలుగవ వంతుకు మించిన సమయం అది 50 మిల్లీమీటర్ల పాదరస ఒత్తిడిని దాటి ఉంటే, శ్వాస చాలడం లేదని లెక్క. స్థూలకాయం, కండరాల బలహీనత, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు ఈ కొలత లేని పరీక్ష అసంపూర్ణమే.

ఏడాది లోపు పసిబిడ్డలకు ఇవేవీ నేరుగా వర్తించవు. వారు కొన్ని సెకన్లు ఆగి, గబగబా శ్వాసించి, మళ్లీ ఆగడం మొదటి నెలల్లో సహజం, నెలలు నిండకుండా పుట్టిన వారిలో ఇది మరింత ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న పసికందులలో కూడా ఆక్సిజన్ క్షణకాలం 90 కిందికి దిగి వెంటనే కోలుకోవచ్చు. రెమ్ నిద్రలో పొట్ట పైకి లేస్తుండగా ఛాతీ లోపలికి పోవడం కూడా ఈ వయసులో కనిపిస్తుంది. మూడేళ్లు దాటిన బిడ్డలో అదే కనిపిస్తే ఊపిరి కోసం కష్టపడుతున్నదని అనుమానించాలి. పసిబిడ్డల నివేదికను పిల్లల వైద్యుడి ఎదుట తప్ప ఇంట్లో విప్పి చూసుకుని నిర్ణయాలు తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇంట్లో చేయగలిగినది

నగరానికి తేదీ దొరికేలోగా ఇంట్లో రెండు పనులు చేయవచ్చు. మొదటిది శ్వాసను లెక్కపెట్టడం. బిడ్డ కదలకుండా గాఢంగా నిద్రపోతున్నప్పుడు పొట్ట పైకి లేవడాన్ని పూర్తిగా ఒక నిమిషంపాటు లెక్కించాలి. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చిస్తే పిల్లల విషయంలో తప్పు వస్తుంది. రెండేళ్ల బిడ్డకు నిద్రలో నిమిషానికి రమారమి 20 నుంచి 30, ఆరేళ్ల బిడ్డకు 20కి అటూ ఇటూ, పదిహేనేళ్ల వారికి 12 నుంచి 18 ఉంటుంది. ఒకటి నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా 40, రెండు నెలల నుంచి ఏడాది లోపు వారికి 50, రెండు నెలల లోపు వారికి 60 గానీ, అంతకు మించి గానీ ఉంటే అది నిద్ర సమస్య కాదు, న్యుమోనియా వంటిది కావచ్చు. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఉపయోగించే హద్దులు ఇవే.

రెండవది వీడియో. చొక్కా తీసి, ఛాతీ, పొట్ట, నోరు కనిపించేలా, గుర్రు వినిపించేలా తెల్లవారుజామున మూడు నుంచి ఐదు గంటల మధ్య కొన్ని నిమిషాలు ఫోనులో తీయాలి. దోమతెర బయటి నుంచి తీస్తే ఏమీ కనిపించదు, ఒక పక్క ఎత్తి తీయాలి. వైద్యుడికి ఈ వీడియో మాటలతో చేసే వర్ణనకంటే ఎక్కువగా ఉపయోగపడుతుంది.

కరోనా కాలంలో కొన్న వేలి ఆక్సీమీటర్‌ను రాత్రి వాడడం మాత్రం వృథా ప్రయాస. అది పెద్దవారి వేలి కొలతకు చేసినది, చిన్న వేలి నుంచి జారిపోతుంది, అంకెలను నమోదు చేసి ఉంచదు, పైగా రెండు మూడు శాతం తేడా దానికి మామూలే. ముదురు రంగు చర్మం మీద ఇటువంటి పరికరాలు కొన్నిసార్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయని కూడా తేలింది. రాత్రంతా నమోదు చేసే ఆక్సీమీటర్‌ను ఆసుపత్రి ఇచ్చి పంపితే అది వేరు. దాని సెన్సర్‌ను కాలి బొటనవేలికి చుట్టి, పైన మేజోడు తొడిగి, తీగను దోమతెర కింది నుంచి బయటికి తీయాలి. కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీ నిండుగా ఉందో లేదో చూసుకోవాలి. ఆ రాత్రి దోమల చక్రం వెలిగించకూడదు, ఆ పొగకు ముక్కు దిబ్బడ పడుతుంది. కనీసం ఆరు గంటల నిద్ర నమోదు కావాలి. ఇటువంటి నమోదులో తగ్గుదలల గుంపులు మూడు లేదా అంతకు మించి ఉండి, 90 కిందికి మూడుసార్లయినా దిగితే, అడ్డుపడే జబ్బు ఉందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. అయితే గీత చదునుగా వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కొట్టిపారేయలేము, ఎందుకంటే ఆక్సిజన్ పడిపోకముందే మెదడు మేలుకొని ఊపిరిని సరిచేసుకునే పిల్లలు ఉన్నారు. వారికి పూర్తి పరీక్ష తప్పదు.

రక్తహీనత ఉన్న బిడ్డకు ఆక్సీమీటర్ 98 చూపినా రక్తం మోసే మొత్తం ఆక్సిజన్ తక్కువగానే ఉంటుంది, కాబట్టి హిమోగ్లోబిన్ నివేదికను కూడా వెంట తీసుకువెళ్లాలి. డెల్టాకు ఎగువన రంపచోడవరం, చింతూరు వైపు మన్యంలో కనిపించే సికిల్ సెల్ జబ్బు, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు, ఉన్న పిల్లలకు, ఏ ఇబ్బందీ లేనప్పుడు కూడా అంకె కొంత తక్కువగా ఉండవచ్చు. ఆ విషయం ముందే చెప్పకపోతే నివేదికను తప్పుగా చదివే అవకాశం ఉంది.

మెలకువగా, ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా మళ్లీ మళ్లీ చూస్తే 92 కంటే తక్కువ వస్తున్నా, పెదవులు నీలిబడినా, డొక్కలు లోపలికి లాక్కుపోతున్నా, నిద్ర పరీక్ష తేదీ కోసం ఎదురుచూడకుండా 108కు ఫోను చేయాలి.

నివేదిక తరువాత

స్వల్పమని తేలిన చాలామంది పిల్లలకు వైద్యులు ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే వంటివి ఇచ్చి కొన్ని వారాలు గమనిస్తారు. 2013లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశీలనలో, ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలలో టాన్సిల్స్, అడినాయిడ్లు తీసే ఆపరేషన్ చేయించుకున్న వారిలో 79 శాతం మందికి, వేచి చూసిన వారిలో 46 శాతం మందికి ఏడు నెలల్లో నిద్ర పరీక్ష మామూలు స్థితికి వచ్చింది. వేచి చూడడం కూడా కొందరికి సరైన మార్గమేనని దీని అర్థం. మూడేళ్ల లోపు వారికి, పరీక్షలో తీవ్రమని వచ్చిన వారికి, స్థూలకాయం ఉన్న వారికి టాన్సిల్స్ ఆపరేషన్ జరిగిన రాత్రి ఆసుపత్రిలోనే ఆక్సిజన్ గమనిస్తూ ఉంచాలి, అదే రోజు ఇంటికి పంపించమని తొందరపెట్టకూడదు. ఇటువంటి పిల్లలకూ, గుర్రు పూర్తిగా తగ్గని పిల్లలకూ ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత మళ్లీ పరీక్ష చేయిస్తారు. ఆ రోజున పాత నివేదికను గీతల పుటలతో సహా తీసుకువెళ్లి, అడ్డుపడే రకం ఏహెచ్‌ఐ, రెమ్ నిద్రలోని ఏహెచ్‌ఐ, 90 కింద గడిపిన సమయం, కార్బన్ డయాక్సైడ్ అన్న నాలుగు గడులను పక్కపక్కన పెట్టించి చూపించమని అడగాలి.